మా ఆయన క్రోటన్

మా కోడలు ఎర్రుపాలెం పిల్ల. కాపురానికి వచ్చిన మొదటి వానాకాలమే ఖాళీ పెయింటు డబ్బాలకు అడుగున మేకుతో బొక్కలు కొట్టి, వరండా పొడుగునా మొక్కలు పెట్టింది. ఒకదానికి ఆకు మీద తెల్లచారలు, ఒకదానికి కత్తిలాంటి ఆకు, ఇంకొకటి గోడ పట్టుకొని పాకేది. ఏ ఒక్కటీ కాయదు, పూయదు, కూరకు రాదు. ఇవన్నీ ఏందని అడిగితే ఒక్కోదానికి ఒక్కో పేరు చెప్పుకొచ్చింది.

"క్రోటన్లు అని చెప్పు, సరిపోతది" అన్నాను.

"కాదత్తయ్యా, క్రోటన్ అంటే ఒక్క రకమేనండీ. ఇవి వేరే."

పుస్తకాల్లో ఒక్క రకమే కావచ్చు. మా ములకలపల్లి వైపు అడవి అంచు పట్టుకొని ఎటు పోయినా, తినడానికి, తలలో పెట్టుకోవడానికి, మందుకు, నీడకు పనికిరాకుండా కంటికి మాత్రం బాగుండే ప్రతి మొక్కా క్రోటనే. మొక్కలమ్మే మనిషి ట్రాలీ ఆటోలో మైకు పెట్టుకొని వస్తాడు. గులాబీ, మల్లె, మామిడి అంటు అని వేటికవి పేరు పెట్టి అరుస్తాడు. మిగిలిన సగం బండిని "క్రోటన్లమ్మా, క్రోటన్లు" అని ఒక్క మాటలో తేల్చేస్తాడు. అమ్ముకొని బతికే మనిషికే ఆ ఒక్క మాట చాలినప్పుడు నాకెందుకు చాలదు?

ఈ మాట మనుషులకు కూడా వాడతాం. పెళ్లింట్లో ఒళ్లు వంచకుండా, కొత్త చీర నలగకుండా గుమ్మంలో నిలబడ్డ పిల్లను "ఏందే, క్రోటన్ లెక్క నిలబడ్డవ్, ఆ విస్తరాకులందుకో" అంటాం. మీటింగుకు వచ్చి కుర్చీ నింపి, ఎవరేమన్నా తల ఊపి, టీ తాగి పోయే పెద్దమనిషిని వెనక నుంచి క్రోటన్ అంటాం. ముందు నుంచి అనం. ఆ మాటలో తిట్టు తక్కువ, నవ్వు ఎక్కువ. అనిపించుకున్న పిల్ల కూడా నవ్వుకుంటూనే విస్తరాకులు అందుకుంటుంది.

ఇవి అందరి వాడుకలు. మా వాడలోని కతోలిక ఇళ్లల్లో ఇంకొకటి ఉంది. "మా అమ్మ క్రోటన్ కాడికి పోయొచ్చిన" అని ఎవరైనా అంటే, తల్లి సమాధి దగ్గరికి వెళ్లొచ్చారని అర్థం. "క్రోటన్ పెట్టినరా?" అని అడిగితే, మనిషిని మట్టిలో పెట్టి మూడో రోజు చేయాల్సిన పని అయిందా అని అడిగినట్టు.

ఎందుకంటే మా సమాధుల తోటకు గోడ లేదు. ఊరికీ అడవికీ నడుమ ఉన్న మెరక నేల అది. మేకలు, పశువులు తోట మీదుగానే అడవిలోకి పోతాయి. బంతి నాటితే సాయంత్రానికి ఉండదు. తులసి, మందారం, దేన్నీ మేక వదలదు. క్రోటన్‌ను మాత్రం మూతి పెట్టి వాసన చూసి పోతుంది. దానికి నీళ్లు పోసే పని కూడా లేదు. ఎండాకాలం ఆకులన్నీ రాల్చి ఎండుకట్టెలా నిలబడి, తొలకరి పడగానే మళ్లీ రంగులేసుకుంటుంది. సిమెంటు పోయించి పేరు రాయించుకునే స్తోమతు మా వాడలో ఒకరిద్దరికే ఉండేది. మిగిలినవాళ్లం మూడో రోజు పొద్దున ఒక కొమ్మ తెచ్చి తలవైపు గుచ్చేవాళ్లం. పక్క సమాధికి ఏ రకం ఉందో చూసుకొని, అది కాకుండా ఇంకో రకం తేవాలి. అదొక్కటే నియమం. రెండు వానలకు మట్టి దిబ్బ అణిగిపోతుంది, కొయ్య సిలువను చెదలు తింటుంది. మనిషికి మిగిలే గుర్తు ఆ మొక్కే.

మా ఆయనది పసుపుచుక్కల క్రోటన్. ఆయన ఆశ్రమ పాఠశాలలో వంట చేసేవాడు. పసుపు ఎక్కువ వేస్తాడని పిల్లలు నవ్వేవాళ్లు కాబట్టి నేనే ఆ రకం ఏరి తెచ్చాను. ఆయన పక్కన ఉన్నది మా పొరుగింటి వదిన భర్త. జామాయిల్ కర్ర లారీలకు ఎత్తే పని చేసిన మనిషి. ఆయనది సన్నని మెలి ఆకు రకం. ఏటా సమాధుల పండుగకు రోడ్డు దిగగానే పసుపుచుక్కలు ఎక్కడున్నాయో చూసుకొని, కంప తప్పించుకుంటూ తిన్నగా అక్కడికి పోయేదాన్ని. చుట్టుపక్కల ఇంకేం చూసి గుర్తుపెట్టుకోవాలి? ఆ అవసరమే రాలేదు.

నవంబరు మొదట్లో వచ్చే ఆ పండుగ తెలియనివాళ్లకు చెబుతాను. ఆ రోజు సాయంత్రం ఇంటిల్లిపాదీ తమ తమ మనుషుల సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి నిలబడతారు. ఫాదర్ ఒక్కో సమాధి దగ్గరికి వచ్చి ప్రార్థన చెప్పి తీర్థం చల్లుతారు. అది అయ్యాక బొరుగులు, అరటిపండ్లు పంచుకొని కబుర్లు చెప్పుకుంటారు. ఏడుపు పండుగ కాదు.

నేను చెప్పబోయే ఏడు, పండుగకు ముందు దుమ్ముగూడెంలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. దాని కోడలికి పురుడు. పండుగ నాటి పొద్దున బస్సు దిగేసరికి మా మనవరాలు రోడ్డు మీదే నా కోసం కాచుకొని ఉంది. ఖమ్మంలో డిగ్రీ చదువుతోంది, సెలవులకు వచ్చింది.

"నాయనమ్మా, ఇంటికి తర్వాత పోదువు. ముందు తోటకు రా. ఒకటి చూపిస్త."

"సంచి బరువుంది."

"నాకియ్యి. కండ్లు మూసుకో."

"కండ్లు మూసుకుంటే పడత. నడువు."

తోట చూసి నేను నిలబడిపోయాను. కంప లేదు, ఊడుగు పొదలు లేవు. నేలంతా చదును చేసి, ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. చుట్టూ కొత్త వెదురు దడి, రోడ్డు వైపు ఒక తడిక గేటు. గేటు దాటగానే కుడి పక్క దడి పొడుగునా ఎర్రవి, పసుపువి, మెలివి, చారలవి క్రోటన్లు బారుగా, సైజుల వారీగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని చుట్టూ పాదు, పాదు చుట్టూ సున్నం వేసిన రాళ్లు. మొత్తం మా మనవరాలూ గుడి యూత్ పిల్లలూ కలిసి చేసిన పని. పిల్ల చేతులు చూశాను. బొబ్బలెక్కి ఉన్నాయి.

"బాగుంది" అన్నాను. నేను ఆ మాట తేలిగ్గా అనను. అది దానికి తెలుసు. ముఖం వెలిగిపోయింది.

"తోట అని పేరే గానీ అడవి లెక్క ఉండె గదా నాయనమ్మా. అందుకే చేసినం. ఒక్క చెట్టు చావకుండ, వేరు మట్టితోని తీసి పెట్టినం. తాత క్రోటన్ చూసినవా? గేటు పక్కనే పెట్టిన, అందరికి ముందుగాల కనపడేటట్టు."

చూశాను. బారులో మొదటిది అదే. పసుపుచుక్కలు కడిగినట్టు మెరుస్తున్నాయి.

"చెట్టు ఈడున్నది. మరి మీ తాత ఏడున్నడే?"

పిల్ల నవ్వబోయి ఆగింది. తోట అంతా ఒకసారి చూసింది. ఊడ్చిన ఎర్రనేల ఇంటి వాకిలిలాగా నున్నగా ఉంది.

"జాగాలు మీకు యాదికుంటయి అనుకున్నం" అంది, చిన్న గొంతుతో.

మాకేమో చెట్లు ఉంటాయి కదా అన్న ధైర్యం. ఇంతకాలం గుర్తుపెట్టుకునే పని వాటికే అప్పగించి మేం హాయిగా ఉన్నాం.

కేకలు వేస్తే ప్రయోజనం లేదు. పిల్ల అప్పటికే ఏడుపు ముఖం పెట్టింది. సాయంత్రం ఫాదర్ వస్తారు. అప్పటిలోగా ఆయన ఎక్కడున్నాడో తేలాలి. కొవ్వొత్తి సంగతి ఒక ఎత్తు. నా సంగతి ఇంకో ఎత్తు. ఆయనను మట్టిలో పెట్టిననాడే ఆయన కుడి పక్క జాగా నాకని పెద్దలకు చెప్పి ఒప్పించుకున్నాను. ఎడమ పక్క వదిన భర్త ఉన్నాడు, ఆ అవతల అంతా బండ, గడ్డపార దిగదు. ఇప్పుడు ఆయన జాగా తప్పితే నా జాగా కూడా తప్పినట్టే.

మా వాడ మొత్తం ఆ పూట తోటలోనే ఉంది. ఎవరి మనిషిని వాళ్లు వెతుక్కుంటున్నారు. సిమెంటు సమాధులు కదల్లేదు కాబట్టి వాటిని పట్టుకొని, మావాడు దీని ముందు, మా అమ్మ దాని వెనక అని తేల్చుకుంటున్నారు. మా ఆయనా, వదిన భర్తా టీచరమ్మ సిమెంటు సమాధికి వెనక, బండకు ఇవతల అని నాకూ తెలుసు. నేనూ మనవరాలూ అక్కడికి పోయి నిలబడ్డాం. నేల నేలే. ఏమీ తెలియడం లేదు.

ఇంతలో కోడలు మంచినీళ్లు పట్టుకొచ్చింది. సంగతి విని, కూతుర్ని ఒక చూపు చూసి, నాతో అంది:

"అత్తయ్యా, మొక్క పీకిన గుంత ఎంత పూడ్చినా గుల్లగానే ఉంటుంది కదండీ. మెరక నేల గట్టిది. నీళ్లు పోసి చూద్దామా?"

క్రోటన్లతో వేగిన మనిషి కాబట్టి ఆ ఆలోచన వచ్చింది. బోరింగు నుంచి బకెట్లతో మోసుకొచ్చాం. నేను మగ్గుతో కొద్దికొద్దిగా పోస్తూ పోయాను, ఊరికే కుమ్మరిస్తే మోయలేక చావాలి. గట్టినేల మీద నీళ్లు అటూ ఇటూ జారి నిలబడ్డాయి. ఒకచోట మాత్రం బుడగలు లేపి గుటుక్కున ఇంకిపోయాయి. దానికి నాలుగడుగుల అవతల ఇంకొక చోట కూడా అలాగే. రెండు గుంతలు దొరికాయి. ఇద్దరు మగవాళ్లూ దొరికారు. ఇద్దరిలో ఎవరు ఎవరన్నదే మిగిలింది.

"గేటు దిక్కు నుంచి చూస్తే కుడి చేతిది మీ తాతది" అన్నాను.

"ఎట్ల అంటవ్ వదినా గట్ల?" అని వెనక నుంచి వదిన గొంతు. ఎప్పుడు వచ్చిందో, నడుం మీద చేయి పెట్టుకొని నిలబడి ఉంది. "కుడి చేతిది మా ఆయనది. నేను ఏటేట వచ్చి కొవ్వొత్తి పెడుత లేనా?"

"నేను పెడుత లేనా?"

"పెడుతవ్. పోయినేటి ముక్క దాసుకొని మల్లా అదే పెడుతవ్."

"వెలిగిందా లేదా? ఆ ముక్క సంగతి మా ఆయన అడగడు, నీకెందుకు?"

కోడలు నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. నాకు నవ్వు రాలేదు. కుడిది వదిన భర్తది అయితే, మా ఆయన బండ వైపు ఉన్నట్టు. ఆ పక్కన నాకు జాగా లేదు. ఉన్న ఖాళీ అంతా కుడి పక్కే. అంటే నేను వదిన భర్త పక్కన పడుకోవాలి.

"వదినా, బతికున్నప్పుడే మీ ఆయన గురక గోడ దాటి వచ్చి నన్ను నిద్ర పోనియ్యలే. ఇంక సచ్చినాక ఆయన పక్కన పండుకోవాల్నా నేను?"

"అందుకే నేను మా పుట్టినూర్ల పెట్టమని పిల్లలకు చెప్పిన. బతికినన్నాళ్లు విన్న, చాలు" అంది వదిన. అని తనే పెద్దగా నవ్వింది. నవ్వి, మళ్లీ గట్టిపడింది. "అయినా కుడి చేతిది మాదే. నేను అబద్ధం చెప్త లేను."

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. నేనూ కాదు. ఇద్దరం అదే మాట మీద నిలబడ్డాం. ఎండ నెత్తికెక్కింది. మా ఆయన తొలకరిలో పోయాడని, గొయ్యిలో ఊట వచ్చిందని నేను చెబుతాను. తన భర్త పొడుగు మనిషి, గొయ్యి పెద్దగా తవ్వారని ఆమె చెబుతుంది. గొయ్యి పొడుగు ఇప్పుడు ఎవరు చూడాలి? పక్క సమాధుల వాళ్లు కూడా వచ్చి తలా ఒక మాట వేశారు. వాళ్లకూ గుర్తు లేదు. ఒకామె అయితే, రెండింటికీ నడుమ ఒక్క కొవ్వొత్తి పెట్టండి, ఎవరి వెలుగు వాళ్లు తీసుకుంటారులే అంది.

మనవరాలు వదిన దగ్గరికి వెళ్లింది.

"అమ్మమ్మా, నువ్వు ఎప్పుడు గీ రోడ్డు మీదికెల్లే వస్తవా?"

"రోడ్డు మీదికెల్లి ఎందుకొస్త? మా ఇంటి ఎనక వాగు దాటితే తోటే గదా. ఇయ్యాల మీరు దడి కట్టిండ్రని ఇంత దూరం చుట్టూ తిరిగి వచ్చిన. కాళ్లు పీకుతున్నయి."

"మల్ల ఒకసారి నీ దారికి పోదాం రా. కోపం చేయకు."

చేయి పట్టుకొని దడి వెనక్కు తీసుకుపోయింది. ఇద్దరూ వాగు వైపు నిలబడ్డారు. వెదురు సందుల్లోంచి వదిన చీర కనబడుతోంది. నేను గేటు వైపు నిలబడ్డాను. నడుమ ఆ రెండు తడి మచ్చలు.

"ఇప్పుడు చెప్పు అమ్మమ్మా, మీ ఇంటి తాత ఏ దిక్కు?"

"గీ దిక్కు. గీ కుడి" అని వదిన దడి మీది నుంచి చేయి చాపింది. ఆ చేయి బండ వైపు ఉన్న మచ్చను చూపిస్తోంది. నా కుడి చేయి రెండో మచ్చ వైపు ఉంది.

ఇన్నేళ్లూ ఒకే పండుగకు, ఒకే జాగాకు, నేను ముందు నుంచి, ఆమె వెనక నుంచి వస్తూ ఉన్నాం. నా కుడి ఆమెకు ఎడమ. మా గొడవ ఎంత పెద్దదో అంత సుళువుగా తేలిపోయింది. ఇద్దరి మాటా నిజమే అయింది కాబట్టి ఎవరికీ చిన్నతనం లేదు.

"చూసినవా వదినా, నేను చెప్పలే?" అంది దడి అవతల నుంచి.

"నేను కూడ అదే చెప్పిన."

అప్పటికప్పుడు రెండు వెదురు ముక్కలు చెక్కించి రెండు మచ్చల్లో దిగ్గొట్టించాను. తలవైపు కాళ్లవైపు తేల్చుకొని, ఆయన కుడి పక్కకు తిరిగి, నా జాగా ఎంత ఉందో అడుగులు వేసి చూద్దామని కాలు ఎత్తాను. అడుగు పెట్టడానికి లేదు. సున్నం వేసిన రాళ్లు, పాదులు, ఎర్రవి, చారలవి. యూత్ పిల్లలు దడి పొడుగునా నాటిన ఆ అందమైన బారు సరిగ్గా నా జాగా మీదుగానే పోతోంది.

మనవరాలు నా కాలు చూసింది, రాళ్లు చూసింది. దానికి అర్థమైంది.

"ఇప్పుడే పీకి అవతల పెడత నాయనమ్మా. గడ్డపార తెస్త" అని పరుగెత్తబోయింది. బొబ్బల చేతులతో.

"ఆగు" అన్నాను. "ఇప్పుడెందుకే పీకుడు? నేనేమన్న రేపు వస్తున్ననా?"

"మరి నీ జాగా..."

"జాగా నాదే. నేను వచ్చేదాకా వాటిని ఉండనియ్యి. అప్పుడు కావాలంటే రెండు మొక్కలు జరుపుకుంటరు. నాకేం తొందర లేదు."

"నాకు కూడ లేదు" అని పిల్ల నా భుజం మీద ముఖం పెట్టింది. చెమట వాసన. పక్కకు జరగమని చెప్పాలనుకున్నాను, చెప్పలేదు.

సాయంత్రం ఫాదర్ వచ్చారు. కొత్త దడి, కొత్త గేటు చూసి పిల్లలను మెచ్చుకున్నారు. మా దగ్గరికి వచ్చి, వెదురు ముక్కలు చూసి, ఇదేమిటని అడిగారు. వదిన నోరు తెరవబోతే నేను ఆమె కొంగు లాగాను. కొవ్వొత్తులు కొత్తవే పెట్టాను. వదిన వచ్చి వంగి చూసి మరీ నిర్ధారణ చేసుకుంది. తీర్థం ఇటు కొంత, అటు కొంత పడింది. బొరుగులు పంచుకునేటప్పుడు వదిన తన భర్త గురకను మూడు రకాలుగా పెట్టి వినిపిస్తే, ఫాదర్ వింటున్నారని కూడా మరిచిపోయి అందరం నవ్వాం.

ఇంటికి బయలుదేరేటప్పుడు చూస్తే ఒక బకెట్‌లో ఇంకా సగం నీళ్లు ఉన్నాయి. అంత దూరం మోసుకొచ్చిన నీళ్లు ఊరికే పారబోయడానికి నాకు మనసొప్పలేదు. కోడలు చూస్తుండగానే, నా జాగాలో నిలబడ్డ ఆ క్రోటన్లకు మగ్గుతో తలా కొంచెం పోశాను.

"అత్తయ్యా, క్రోటన్లకు నీళ్లు పోస్తున్నారేంటండీ?" అంది కోడలు.

"కొత్తగ నాటినయ్. వేర్లు పట్టేదాకా పొయ్యాలె" అన్నాను. "రేపటి నుంచి నువ్వు పొయ్యి."